ఆట మధ్యలో ప్రత్యర్థి మాయమైతే: ఆన్‌లైన్ చదరంగం ఆడేవారికి, ఆడించేవారికి

బోర్డు మీద మీకు ఒక ఏనుగు ఎక్కువ ఉంది. ప్రత్యర్థి గడియారంలో ఇంకా ఏడు నిమిషాల నలభై సెకన్లున్నాయి. ఎత్తు మాత్రం రావడం లేదు. కాసేపటికి అతని పేరు పక్కనున్న పచ్చచుక్క ఆరిపోతుంది. పారిపోయాడా, కరెంటు పోయిందా?

నన్నడిగితే ఆ ప్రశ్నే అనవసరం. తెర అవతలి మనిషి ఉద్దేశం తెలుసుకునే దారి మీకు లేదు, తెలిసినా మీరు చేయాల్సిన పని మారదు. ఒక్క ఆట వరకు తీర్పు చెప్పాల్సింది గడియారం. అదే మనిషి పదే పదే అలా చేస్తుంటే తీర్పు చెప్పాల్సింది అతని రికార్డు. ఆటగాడైనా, టోర్నీ నడిపేవారైనా ఈ తేడా పట్టుకుంటే చాలావరకు గొడవలు పుట్టవు.

ఇక్కడ చెప్పేవన్నీ ప్రధానంగా లీచెస్‌ను దృష్టిలో పెట్టుకున్నవి. 2010లో ఫ్రాన్స్‌కు చెందిన ప్రోగ్రామర్ తిబో డుప్లెసీ మొదలుపెట్టిన ఈ వేదిక పూర్తిగా ఉచితం, ప్రకటనలు కూడా ఉండవు. పిల్లలకు ఆట నేర్పేవాళ్లకు, కాలనీలో చిన్న టోర్నీ పెట్టాలనుకునేవాళ్లకు చేతికందే సాధనం. చెస్.కామ్‌లో బటన్లు, పద్ధతులు కొంత వేరు. అక్కడ ఆటగాడు వెళ్లిపోతే చాలాసార్లు వేదికే ఆట ముగించేస్తుంది.

1. ఆటకు ముందే: ఎంతసేపు బందీ కాగలరో లెక్క వేసుకోండి

సమయం ఎంచుకునేటప్పుడు మనం ఆలోచించుకోవడానికి ఎంత కావాలో చూసుకుంటాం. ఎదుటివాడు అలిగి కూర్చుంటే ఎంతసేపు వేచి ఉండాల్సి వస్తుందో చూసుకోం. లెక్క కష్టమేమీ కాదు. లీచెస్ ఒక్కో ఆటగాడికి పట్టే సమయాన్ని అంచనా వేయడానికి మొదటి సమయానికి, ఒక్కో ఎత్తుకు కలిసే సెకన్లను నలభైతో హెచ్చవేసి కలుపుతుంది. 3+2 అంటే మొదట మూడు నిమిషాలు, ఎత్తుకు రెండు సెకన్లు; 180కి 80 కలిపి 260 సెకన్లు, అది బ్లిట్జ్ అనే వేగపు ఆట. 10+0 అంటే 600 సెకన్లు, దానికంటే నిదానమైన ర్యాపిడ్. 15+10 అంటే 1300 సెకన్లు, అదీ ర్యాపిడే కానీ దాదాపు ఇరవై రెండు నిమిషాలు. ఆ ఇరవై రెండు నిమిషాల్లో పదిహేను మొదటి నుంచే ప్రత్యర్థి గడియారంలో ఉంటాయి. ఐదో ఎత్తుకే మంత్రిని పోగొట్టుకుని మొండికేస్తే ఆ పదిహేనూ మీరు కాపలా కాయాలి.

ఆఫీసు భోజన విరామంలో ఆడేవారికి 3+2 గానీ 5+3 గానీ క్షేమం. 15+10, 30+0 వంటివి పూర్తి గంట చేతిలో ఉన్నప్పుడే పెట్టుకోండి.

2. మొదటి ఎత్తే రాకపోతే

దీనికి మీరు చేయాల్సింది ఏమీ లేదు. మామూలు ఆటల్లో మొదటి ఎత్తు కొద్ది సెకన్లలో రాకపోతే ఆట దానంతటదే రద్దవుతుంది, మీ బలాన్ని చూపే అంకె, అంటే రేటింగ్, కదలదు. రద్దు చేసే బటన్ మీ దగ్గర కూడా ఉంటుంది, తప్పనిసరైతే నొక్కండి. తెల్లపావులు రాలేదని, ఎదుటివాడి రేటింగ్ నచ్చలేదని తరచూ రద్దు చేసేవారికి మాత్రం లీచెస్ కొంతసేపు ఆట ఇవ్వదు. ఆడకుండా వెళ్లిపోవడంలో ఇదీ ఒక రకమే, చాలామంది గుర్తించరు.

3. ఆట నడుమ పచ్చచుక్క ఆరిపోతే

ముందు ఏమీ ముట్టుకోకండి. ప్రత్యర్థి వెళ్లిపోయారని, ఇన్ని సెకన్లలో మీరు గెలుపు తీసుకోవచ్చని గడియారం దగ్గర ఒక సందేశం వస్తుంది. ఆ సెకన్ల లెక్క అందరికీ ఒకటి కాదు. పేజీని తానే మూసేసి వెళ్లినవాడికి తక్కువ గడువు, నెట్‌వర్క్ తెగినట్టు కనిపిస్తే ఎక్కువ గడువు. ర్యాపిడ్, క్లాసికల్ వంటి పెద్ద ఆటల్లో ఆ గడువు ఇంకా పెరుగుతుంది. మీ కంటే ముందే వేదిక కొంత ఉదారంగా ఆలోచించి పెట్టింది కాబట్టి, గడువు తీరాక గెలుపు తీసుకోవడానికి మొహమాటపడాల్సిన పని లేదు. మీరు తీసుకోకపోయినా, అతను తిరిగి రాకపోతే గడియారం అయిపోయాక ఫలితం అదే.

గడువు తీరాక మూడు దారులు: గెలుపు తీసుకోవడం, డ్రాగా ముగించడం, వేచి ఉండడం.

మీ స్థితి మెరుగ్గానో సమానంగానో ఉంటే గెలుపు తీసుకోండి, అంతే. చిక్కంతా మీరు ఓడిపోతున్న ఆటలో ఎదుటివాడు మాయమైనప్పుడే వస్తుంది. నియమం ప్రకారం అప్పుడూ గెలుపు మీదే, దాన్ని తప్పని ఎవరూ అనలేరు. నా మాటగా చెప్పాలంటే, రెండు ఎత్తుల్లో ఆటకట్టయ్యే స్థితిలో ఉండి, తెలియని మనిషి కనెక్షన్ తెగినందుకు పాయింట్లు జేబులో వేసుకోవడం కంటే డ్రా బటన్ నొక్కడం నయం. రేటింగ్ అనేది మీ అసలు బలానికి దగ్గరగా ఉంటేనే పనికొస్తుంది. ఊరికే పెరిగింది తర్వాతి నాలుగు ఆటల్లో ఎలాగూ దిగిపోతుంది.

వేచి ఉండడం ఎప్పుడు మంచిదంటే, ఎదురుగా ఉన్నది మీకు తెలిసిన మనిషైనప్పుడు. చుక్క వెలుగుతూ ఆరుతూ ఉంటే అది అలక కాదు, సిగ్నల్ లేకపోవడం. అలాంటప్పుడు ప్రత్యర్థి గడియారానికి పదిహేను సెకన్లు కలిపే బటన్ ఉంది, టోర్నీ కాని ఆటల్లో దాన్ని వాడుకోవచ్చు. సెకనులో కొంత భాగంగా జరిగే చిన్న ఆలస్యాలను లీచెస్ తానే కొంతవరకు సరిచేస్తుంది కాబట్టి వాటి కోసం నొక్కనక్కర్లేదు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. స్నేహితుడికి సవాలు పంపి ఆడే ఆటల్లోనూ, స్విస్ టోర్నీ (రౌండ్లవారీగా, దగ్గరి పాయింట్లున్నవారిని జోడీ కట్టి ఆడించేది) ఆటల్లోనూ గెలుపు తీసుకునే సౌకర్యం ఉండదు. గడియారం సున్నాకు వచ్చేదాకా కూర్చోవాల్సిందే. బటన్ కనిపించడం లేదని పేజీని మళ్లీ మళ్లీ తెరిచి చూసేవాళ్లు ముందు తామే ఏ రకం ఆటలో ఉన్నారో చూసుకోవాలి.

4. వెళ్లిపోకుండా మొండికేస్తే

ఇది అసలు పరీక్ష. పచ్చచుక్క వెలుగుతూనే ఉంటుంది, మనిషి అక్కడే ఉంటాడు. ఓడిపోతానని తెలిసి, ఓటమి ఒప్పుకోకుండా గడియారాన్ని వదిలేస్తాడు. మీరు విసుగెత్తి వేరే పేజీకి వెళ్లాలని, టీ పెట్టుకోవడానికి లేవాలని అతని ఆశ. పది సెకన్లు మిగిలినప్పుడు టక్కున ఒక ఎత్తు వేస్తాడు. అప్పటికి మీరు వంటింట్లో ఉంటే ఇప్పుడు తిరిగేది మీ గడియారం.

అందుకని పేజీ మూయకండి. ధ్వని పెంచి పెట్టుకోండి, ఎత్తు పడగానే వినిపిస్తుంది. వేరే ట్యాబ్‌లో ఏదైనా చదువుకుంటున్నా మీ వంతు వచ్చినట్టు ట్యాబ్ పేరులోనే కనిపిస్తుంది. ప్రత్యర్థి గడియారం ముప్పై సెకన్లకు దిగాక మాత్రం బోర్డు ముందుకు వచ్చేయండి. తర్వాత వేయబోయే రెండు మూడు ఎత్తులను ఆ ఖాళీ సమయంలోనే తేల్చుకుని పెట్టుకుంటే అతని ఎత్తుగడ అతనికే బెడిసికొడుతుంది. ఏడు నిమిషాలు మీకు ఉచితంగా ఆలోచించే వీలు ఇచ్చాడు మరి.

చాట్‌లో తిట్టకండి. మర్యాద గురించి చెప్పడం లేదు, ఉపయోగం గురించి చెబుతున్నాను. తిట్లు పడితే ఫిర్యాదుకు ఆధారం దొరికేది అతనికి, మీకు కాదు. మీ తరఫున ఫిర్యాదు చేయాల్సిన పని కూడా దాదాపు ఉండదు, ఎందుకంటే లీచెస్ ఈ లెక్కను తానే రాసుకుంటుంది. ఆట వదిలి వెళ్లడం, మొదటి ఎత్తు వేయకపోవడం, గడియారాన్ని వదిలేసి కూర్చోవడం ఇవన్నీ ఆ చిట్టాలో పడతాయి. చివరి క్షణంలో ఒక ఎత్తు వేసి తప్పించుకున్నాననుకున్నా, చాలాసేపు కూర్చుని ఆఖరున ఓటమి ఒప్పుకున్నా లెక్కలోకి వస్తాయి. ఒకసారి జరిగితే హెచ్చరిక. అదే అలవాటైతే కొద్ది నిమిషాల నిషేధంతో మొదలై, మారకపోతే ఆ కాలం పెరుగుతూ పోతుంది. సక్రమంగా ముగించిన ఆటలు తిరిగి మంచి వైపు లెక్కకు వస్తాయి కాబట్టి కరెంటు పోయి ఒకసారి మాయమైనవాడు భయపడనక్కర్లేదు.

ఇతర ఆన్‌లైన్ వీడియో గేముల్లోనూ ఇదే మెట్ల పద్ధతి. కౌంటర్ స్ట్రైక్ పోటీ ఆటను వదిలి వెళ్లేవారికి మొదట ముప్పై నిమిషాలు, తర్వాత రెండు గంటలు, ఆపైన ఇరవై నాలుగు గంటలు, చివరికి ఏడు రోజులు ఆట దొరకదు. డోటా 2లో ఐదు నిమిషాలు కనెక్షన్ లేకపోతే వదిలి వెళ్లినట్టే లెక్క, అప్పుడు మిగిలిన జట్టు శిక్ష లేకుండా బయటికి రావచ్చు. జట్టు ఆటల్లో ఒకడు వెళ్తే నష్టం నలుగురికి, ఆ కోపం వేరు. చదరంగంలో నష్టపోయేది మన సమయం ఒక్కటే.

5. గడియారం సున్నా అయినా గెలుపు కాకపోవచ్చు

ఇది తెలియక చాలామంది వేదికను తిట్టుకుంటారు. ప్రత్యర్థి సమయం అయిపోయినా, మీ దగ్గర ఆటకట్టు చేయగల బలం లేకపోతే ఫలితం డ్రా. మీకు ఉత్త రాజు ఒక్కటే మిగిలితే ఎంత కాపలా కాసినా అర పాయింటే. ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే నియమాల్లోని 6.9 సారాంశం ఇదే: నియమబద్ధమైన ఎత్తులు ఎలా వేసినా ఆటకట్టు సాధ్యం కాని స్థితి అయితే డ్రా. లీచెస్ ఈ నియమాన్నే పాటిస్తుంది. కాబట్టి మీ దగ్గర గుర్రం ఒక్కటే ఉండి ఎదుటివాడికి బంటు ఉన్నా, ఏదో ఒక వింత వరుసలో కట్టు సాధ్యమే కనుక గెలుపు మీకే రావచ్చు. చెస్.కామ్ ఇలాంటిచోట కొంత సులభమైన లెక్క వాడుతుంది, అక్కడ ఫలితం వేరుగా ఉండవచ్చు.

6. ఆట అయ్యాక

ఆ ఆటగాణ్ని బ్లాక్ చేస్తే మీకు మళ్లీ సవాలు పంపలేడు, వేదిక జోడీ కట్టే మామూలు పెయిరింగ్‌లో కూడా తగలడు. టోర్నీలో మాత్రం బ్లాక్ పనిచేయదు, పాయింట్ల ప్రకారం ఎవరు వస్తే వాళ్లతో ఆడాల్సిందే. ప్రతి ఆటకూ బ్లాక్ చేసుకుంటూ పోతే మంచిది కాదు. బూతులు తిట్టినవారికి, మొండికేసినవారికి దాచుకోండి.

తిరిగి ఆడదామన్న సవాలు వస్తే? సిగ్నల్ పోయి వెళ్లినవాడు చాలాసార్లు చాట్‌లో ఒక ముక్క రాస్తాడు. రాసినవాడితో ఆడండి.

7. మాయమయ్యేది మీరే కాకుండా

ఇంట్లో కరెంటు పోతే ల్యాప్‌టాప్ నడుస్తున్నా వైఫై పెట్టె ఆగిపోతుంది. దానికి మాత్రమే సరిపోయే చిన్న యూపీఎస్ పెట్టుకుంటే ఒక ఆట ముగించేంత వ్యవధి దొరుకుతుంది. అది లేకపోతే ఫోనులో అదే ఖాతాతో ముందే లాగిన్ అయి ఉంచుకోండి. లీచెస్‌లో ఆట ఖాతాకు కట్టుబడి ఉంటుంది, పరికరానికి కాదు. కంప్యూటర్ ఆరిపోతే ఫోనులో మొబైల్ డేటాతో తెరవగానే నడుస్తున్న ఆట ఎదురుగా కనిపిస్తుంది, అక్కడి నుంచే ఆడవచ్చు. పాస్‌వర్డ్ గుర్తు చేసుకునేది ఆ కొద్ది సెకన్లలో కాదు.

ఫోనులోనే ఆడేవారికి అసలు శత్రువు కాల్స్. ఆటకు ముందు డు నాట్ డిస్టర్బ్ పెట్టండి, బ్యాటరీ ఆదా చేసే మోడ్ తీసేయండి.

8. టోర్నీ నడిపేవారికి

ఆదివారం ఉదయం ముప్పై మంది పిల్లలు, వాట్సాప్ గ్రూపులో ముప్పై మంది తల్లిదండ్రులు. మూడో రౌండులో ఒక పిల్లవాడు ఓడిపోయే స్థితిలో మాయమయ్యాడు. ఐదు నిమిషాల్లో మీ ఫోను మోగుతుంది: "సార్, మావాడు కావాలని వెళ్లలేదండీ, కరెంటు పోయింది. ఆ ఆట మళ్లీ పెట్టించండి." ఇంకో నిమిషానికి అవతలి అమ్మాయి తల్లి: "ఎలా పెడతారండీ? మా పాప గెలిచే ఆట కదా!" ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. మీరు ఎవరి ఇంటి మీటరూ చూడలేరు. అందుకే నియమం ముందే ఉండాలి.

మొదట టోర్నీ రకం. ఎరీనాలో నిర్ణీత సమయం లోపల ఎవరు ఎన్ని ఆటలు ఆడగలిగితే అన్ని ఆడతారు, గెలుపుకు రెండు పాయింట్లు, డ్రాకు ఒకటి. వరుసగా గెలిచేవారికి రెట్టింపు. ఒకడు మాయమైతే నష్టం ఆ ఒక్క ఆటకే, అతని ప్రత్యర్థి గెలుపు తీసుకుని వెంటనే తర్వాతి ఆటకు వెళ్తాడు. స్విస్ అలా కాదు. ఆ రౌండులో ఆఖరి ఆట ముగిసేదాకా తర్వాతి రౌండు మొదలుకాదు. ఒక్క పిల్లవాడు మొండికేస్తే ముప్పై మంది ఖాళీగా కూర్చుంటారు. పైగా అక్కడ గెలుపు తీసుకునే బటన్ లేదు.

కాబట్టి తొలిసారి పెడుతున్నవారు ఎరీనాతో మొదలుపెట్టండి. బహుమతులు, పాయింట్లు సమమైతే స్థానం తేల్చే టైబ్రేక్ లెక్కలు ఉండి స్విస్సే కావాలంటే సమయం తక్కువ పెట్టండి. 10+0తో ఏడు రౌండ్లు పెడితే ఒక్కో రౌండుకు ఇరవై నిమిషాల వరకు, అన్నీ కలిపి 140 నిమిషాలు, మధ్య విరామాలు వేరు. 5+3తో లెక్క ప్రకారం రౌండుకు పద్నాలుగు నిమిషాలు, మొత్తం 98. పిల్లల ఓపిక చూసినా రెండోదే మంచిది.

స్విస్‌లో ఆడకుండా ఉండిపోయిన వారిని లీచెస్ ఎలా చూస్తుందో కూడా తెలిసి ఉండాలి. రౌండుకు రానివారి గడియారం తిరిగి ఆట పోతుంది, తర్వాత వారిని టోర్నీ నుంచి తప్పిస్తుంది. ఎప్పుడైనా తిరిగి చేరవచ్చు. అలా ఆడకుండా పోయినవారిని కొంతకాలం కొత్త స్విస్ టోర్నీల్లో చేరనివ్వదు. వారిని అయినా సరే అనుమతించాలా అన్నది మీరు నిర్ణయించుకోవచ్చు. పిల్లవాడి పేరు చేరడం లేదని ఎవరైనా ఫోను చేస్తే ముందు చూడాల్సింది ఇదే.

ఇక అసలు ప్రశ్న: కనెక్షన్ పోతే ఆట ఎవరిది? దీనికి 2020 ఆగస్టు కంటే మంచి పాఠం లేదు. కోవిడ్ వల్ల ఫిడే ఆ ఏడాది దేశాల జట్లు తలపడే ఒలింపియాడ్‌ను ఆన్‌లైన్‌లో, చెస్.కామ్ మీద, పదిహేను నిమిషాలకు ఐదేసి సెకన్లు కలిసే ఆటలుగా పెట్టింది. భారత జట్టులో మన కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక, పెంటేల హరికృష్ణ ఉన్నారు. క్వార్టర్ ఫైనల్లో ఆర్మేనియాకు చెందిన హైక్ మార్టిరోస్యాన్ కనెక్షన్ తెగి భారత ఆటగాడు నిహాల్ సరీన్ చేతిలో సమయం మీద ఓడాడు. ఆర్మేనియా అప్పీలు చేసింది, నిర్వాహకులు తిరస్కరించారు. ఆ జట్టు రెండో మ్యాచ్ ఆడకుండా తప్పుకుంది, భారత్ సెమీస్‌కు వెళ్లింది.

రెండు రోజుల తర్వాత, ఆగస్టు 30న, రష్యాతో ఫైనల్. మొదటి రౌండు 3-3. రెండో రౌండులో నిహాల్ సరీన్, దివ్యా దేశ్‌ముఖ్ ఇద్దరి కనెక్షన్లూ పోయి సమయం మీద ఓడారు. ఈసారి అప్పీలు చేసింది భారత్. ఆ రోజు ఇంటర్నెట్ అంతరాయం ఒక ఇంటిది కాదు, అనేక దేశాలను తాకింది. ఫిడే అధ్యక్షుడు ఆర్కాడీ డ్వోర్కోవిచ్ రెండు జట్లకూ స్వర్ణం ప్రకటించారు.

రెండు తీర్పుల మీదా విమర్శ వచ్చింది, రావడం సహజమే. అయినా వాటి మధ్య గీత స్పష్టం. ఒక ఆటగాడి వైపు తెగితే నష్టం ఆ ఆటగాడిది. అంతరాయం విస్తృతమైనదని అందరికీ కనిపిస్తే నిర్వాహకుడు కలగజేసుకోవచ్చు. మీ కాలనీ టోర్నీకీ ఇదే గీత చాలు. గ్రూపులో పెట్టడానికి ఒక నమూనా:

"ఇంటర్నెట్, కరెంటు, పరికరం బాధ్యత ఆటగాడిదే. ఆట మధ్యలో ఏ కారణంతో తెగినా గడియారం చూపిన ఫలితమే తుది ఫలితం. తిరిగి ఆడించడం ఉండదు. ఒకే రౌండులో నాలుగింట ఒక వంతు, అంతకంటే ఎక్కువ ఆటలు ఒకేసారి తెగితే, లేదా లీచెస్ వేదికే పనిచేయకపోతే ఆ రౌండును నిర్వాహకులు లెక్కలోంచి తీసేస్తారు. ఓడిపోయే స్థితిలో మూడు నిమిషాలకు మించి ఎత్తు వేయకుండా ఉండిపోతే మొదటిసారి హెచ్చరిక, రెండోసారి టోర్నీ నుంచి తొలగింపు. అభ్యంతరాలు ఆటగాడి తరఫున ఒక్కరే, ఆట ముగిసిన రెండు నిమిషాల్లో నిర్వాహకుడికి విడిగా పంపాలి. తర్వాతి రౌండు పెయిరింగ్ వచ్చాక ఫలితం మారదు."

నాలుగింట ఒక వంతు అన్నది నేను పెట్టిన గీత, మీ టోర్నీకి తగినట్టు మార్చుకోండి, అంకె మాత్రం ఉండాలి. "చాలా ఆటలు తెగితే" అని రాస్తే ఎన్నంటే చాలా అన్న వాదన మీ మీదే పడుతుంది. స్విస్‌లో తర్వాతి పెయిరింగ్ అప్పటిదాకా వచ్చిన పాయింట్ల మీదే కట్టబడుతుంది కాబట్టి చివరి వాక్యాన్ని ఎవరు బతిమాలినా సడలించకండి. రౌండ్ల మధ్య విరామం ఐదు నిమిషాలు పెడితే ఆ రెండు నిమిషాల ఫిర్యాదు చూసి, ఆట తెరిచి, ఏ ఎత్తుకు ఎంతసేపు పట్టిందో చూసుకునే వ్యవధి మీకు ఉంటుంది. ఆ సమయాల పట్టిక లీచెస్‌లో ప్రతి ఆట విశ్లేషణ పేజీలోనూ దొరుకుతుంది. తల్లిదండ్రుల ఫోన్లకు మీ సమాధానం కూడా అదే పేజీ లింకు.